ఫ్లై ఫిషింగ్, నాలుగో పాఠం: గైడ్ ‘మెండ్’ అని అరిస్తే ఏం చేయాలి?

మూడో పాఠం చదివి, పెరట్లో పచ్చిక మీద సాధన చేసి, ఈ వేసవిలో అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి వెళ్ళొచ్చినవాళ్ళ మెయిళ్ళన్నీ చదివాను. కథ దాదాపు ఒకటే. “లైన్ విసరడం బాగానే వచ్చిందండీ. గైడ్ మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ‘మెండ్, మెండ్’ అంటూనే ఉన్నాడు. చేపలన్నీ ముందు నిలబడ్డ మా బావమరిదికే పడ్డాయి.” ఒకాయన హుక్కు గైడ్ టోపీని ఎత్తుకెళ్ళి మాడిసన్ నదిలో పడేసింది. ఇంకొకావిడకు భోజనాల వేళ దాకా చిక్కులు విప్పించుకోవడంతోనే సరిపోయింది.

ఈ పాఠం మెండ్ గురించే, అంటే నీటి మీద పడ్డ లైన్‌ని ఎత్తి సర్దడం గురించి. కానీ ముందు ఆ టోపీ పంచాయితీ తేలాలి.

పచ్చిక మీద లైన్‌ని గాల్లో ముందుకూ వెనక్కూ అన్నిసార్లు ఊపమన్నది చేతికి టైమింగ్ పట్టుబడాలని. పడవలో దానితో పని లేదు. ప్రవాహంతో పాటు సాగే డ్రిఫ్ట్ బోటులో ముక్కు దగ్గర ఒకరు, వెనక ఒకరు నిలబడతారు. మధ్యలో గైడ్ తెడ్లు పట్టుకుని కూర్చుంటాడు. మీరు ఊపిన ప్రతిసారీ రెండు హుక్కులు, ఒక బరువు గుండు, ఒక బెండు ఆయన చెవి పక్కనుంచే పోతాయి. పైగా ఫ్లై, అంటే పురుగులా కనిపించేలా కట్టిన హుక్కు, గాల్లో ఉన్నంతసేపూ దాన్ని ఏ చేపా తినదు. ఎన్ని ఊపులు ఊపితే అన్ని చిక్కులు. మాడిసన్ లోయలో మధ్యాహ్నం గాలి లేచిందంటే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి పడవలో లెక్క ఇంతే: ఎత్తడం, వెనక్కి ఒక్కసారి, ముందుకు ఒక్కసారి. దూరం చాల్లేదనిపిస్తే ఇంకోసారి ఊపకండి, పడవను కాస్త దగ్గరికి తీసుకెళ్ళమని గైడ్‌ని అడగండి. అందుకే కదా ఆయనకు డబ్బిచ్చేది.

ఎటు విసరాలన్న దాంట్లోనూ గందరగోళమే. పడవ ముక్కు పన్నెండు గంటలు. గైడ్ ‘టెన్ ఓ క్లాక్’ అన్నాడంటే ముక్కుకు ఎడమ పక్కగా, ముందుకు. మీరు ఎటు తిరిగి నిలబడ్డారన్నది ఆయన లెక్కలో లేదు. ఎప్పుడూ ఏటవాలుగా, దిగువకు వేయండి. అప్పుడు పడవా ఫ్లైయీ ఇంచుమించు ఒకే వేగంతో కలిసి వెళ్తాయి. తిన్నగా పక్కకో, వెనక్కో వేశారంటే పడవ ముందుకు సాగిపోతూ ఫ్లైని ఈడ్చుకుపోతుంది. వెనక నిలబడ్డవారు ముందువారి చేతిని చూసుకుని, వాళ్ళ లైన్ కింద పడ్డాకే విసరాలి. బావమరిది అయినా సరే.

లైసెన్సు, పోలరైజ్డ్ కళ్ళద్దాలు, వాన కోటు, చేపను ముట్టుకునే ముందు చెయ్యి తడుపుకోవడం, ఇవన్నీ మీకు తెలిసినవే. రాయను. పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలో వదిలేసేదానికి ఇంత ఖర్చెందుకని అడిగేవాళ్ళకు మొదటి పాఠంలోనే జవాబిచ్చాను. పులుసు సంగతి మళ్ళీ ఎత్తకండి.

ఒక్క ఫిర్యాదుకు మాత్రం ఇక్కడ జవాబు చెప్పాలి. “మధ్యాహ్నం రెండింటికే ఆపేశాడు, సగం డబ్బు వెనక్కి రావాలి కదా?” రాదు. మోంటానాలో నీటి వేడి వరుసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే ఆ నదిలో మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాకా గాలం వేయడం ఆపించవచ్చు. దీన్నే అక్కడ ‘హూట్ ఔల్’ అంటారు. నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. అలసిపోయిన ట్రౌట్‌ని (మనం పట్టే చేప అదే) మీరు ఎంత జాగ్రత్తగా వదిలినా అది బతకకపోవచ్చు. ఆగస్టులో వెళ్ళేవాళ్ళు తెల్లవారుజామునే మొదలుపెట్టేలా ముందే మాట్లాడుకోండి.

ఇక అసలు విషయం.

ట్రౌట్ ఎగువ వైపు మూతి పెట్టి ఒకచోట నిలబడి ఉంటుంది. తిండి నీటితో పాటు దాని దగ్గరికే వస్తుంది. కొట్టుకొచ్చే పురుగు నీటి కంటే వేగంగానూ రాదు, నెమ్మదిగానూ రాదు. మీ ఫ్లై కూడా అంతే కావాలి. చిక్కేమిటంటే మీ రాడ్‌కూ ఫ్లైకీ మధ్య ముప్ఫై, నలభై అడుగుల లైన్ నీటి మీద పడి ఉంటుంది. దాని కింద మూడు, నాలుగు పాయలు వేరువేరు వేగాలతో పారుతుంటాయి. వేగంగా పోయే పాయ లైన్‌ని దిగువకు విల్లులా వంచుతుంది. ఆ వంపు బిగుసుకోగానే ఫ్లైని లాగేస్తుంది. దీన్నే డ్రాగ్ అంటారు. మీ ఫ్లై ఎంత ఖరీదైనదైనా, ఎంత సరైనదైనా, డ్రాగ్ పడితే చేప పట్టించుకోదు.

డ్రాగ్ పడిందని ఎలా తెలుస్తుంది? నీటి మీద తేలే ఫ్లై అయితే వెనక సన్నటి గీత, ‘వి’ ఆకారంలో కనిపిస్తుంది. బెండు కింద నింఫ్ (నీటి అడుగున ఉండే పురుగు పిల్లలా కట్టిన, మునిగే ఫ్లై) కట్టారనుకోండి, బెండు పక్కన కొట్టుకుపోతున్న ఒక నురగ బుడగను ఎంచుకోండి. రెండూ జతగా సాగాలి. బెండు ఆ బుడగ కంటే ఒక పిసరు వెనకబడితే ఇంకా మంచిది. ఎందుకంటే అడుగున నీరు పైనీటి కంటే నెమ్మదిగా పారుతుంది, మీ నింఫ్ ఉన్నది అక్కడే. బెండు బుడగను దాటిపోయిందంటే మాత్రం లైన్ లాగుతోందని అర్థం. గైడ్ అరిచేది అప్పుడే. ఆయన చూసేది మీ రాడ్‌ని కాదు, ఆ బుడగనే. మీరూ దాన్నే చూడటం మొదలుపెడితే ఆయన గొంతు నొప్పి తగ్గుతుంది.

మెండ్ అంటే వంపు పడబోయే లైన్‌ని ఎత్తి అవతల పక్కకు వేయడం. నేల మీద పడి ఉన్న పలుపుతాడును ఎత్తి పక్కన పెట్టినట్టే. అంత చిన్న పని. ఈ చిన్న పనిని పాడు చేసే పద్ధతులు మాత్రం నేను చూసినన్ని ఎవరూ చూసి ఉండరు. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మొదటిది, ఈడ్చడం. రాడ్‌ని అడ్డంగా, నీటికి ఆనించినట్టు పట్టుకుని పక్కకు తోస్తారు. తడిసిన లైన్‌ని నీరు అంటిపెట్టుకుని ఉంటుంది, అలా తోస్తే వదలదు. మీరు లైన్‌ని కదిలించాననుకుంటారు, కదిలింది బెండు. ముందుగా రాడ్ కొనను పైకి ఎత్తాలి. లైన్ మీ దగ్గర నుంచి ఒక్కో అడుగూ నీటిని వదిలి లేస్తుంటే కంటికి కనిపిస్తుంది. బెండుకు రెండు మూడు అడుగుల ఇవతలి దాకా లేవగానే కొనతో అర్ధచంద్రాకారంగా గీసి, ఎగువన దించేయాలి. మణికట్టుతో విదిలిస్తే రాదు, ముంజేయి మొత్తం కదలాలి.

రెండోది, ఆలస్యం. వంపు బిగుసుకున్నాక, గైడ్ అరిచాక చేస్తారు. అప్పటికే లైన్ బిగువుగా ఉంది కాబట్టి ఎత్తగానే ఫ్లై ఎగిరొస్తుంది. మెండ్ చేయాల్సింది లైన్ నీటి మీద పడ్డ మరుక్షణం, వంపు ఇంకా పుట్టకముందే. నింఫ్‌తో అయితే ఆ మొదటి మెండ్‌లో బెండు కాస్త కదిలినా ఫర్వాలేదు, నింఫ్ ఇంకా అడుగుకు దిగలేదు. తేలే ఫ్లైతో ఆ వెసులుబాటు లేదు.

మూడోది నాకు ఒళ్ళు మండే సంగతి. మెండ్ అనగానే అందరూ ఎగువకే వేస్తారు, ఎప్పుడైనా, ఎక్కడైనా. పుస్తకాల్లో బొమ్మలన్నీ అలాగే ఉంటాయి మరి! ఒక్క క్షణం నీటిని చూడండి. మీ దగ్గరి నీరు వేగంగా, ఫ్లై దగ్గరి నీరు నెమ్మదిగా ఉంటే ఎగువకు వేయాలి. పడవ నది మధ్యలో ఉండి మీరు ఒడ్డు పక్కకు వేసేటప్పుడు ఎక్కువగా ఇదే పరిస్థితి. కానీ గైడ్ ఒడ్డు వారన నెమ్మది నీటిలో లంగరు దించి, “అదిగో ఆ అంచు మీద వెయ్” అన్నాడనుకోండి. ఇప్పుడు మీ దగ్గరి నీరు నెమ్మది, ఫ్లై ఉన్న పాయ వేగం. ఫ్లై ముందుకు పరిగెత్తుతుంటే లైన్ వెనక్కి పట్టుకుంటుంది. ఇక్కడ ఎగువకు మెండ్ చేస్తే మీ చేత్తో మీరే డ్రాగ్ తెచ్చుకున్నట్టు. దిగువకు వేయాలి. పాయ అంచున నురగ గీతలా సాగుతుంది చూడండి, దానికి ఇటూ అటూ వేగాలు పోల్చుకుంటే ఎటు మెండ్ చేయాలో నదే చెబుతుంది. గైడ్ ఉత్తినే ‘మెండ్’ అన్నా ఎటు అని అడగండి.

ఆ మాట మీద ఇంకొకటి. అర్థం కాకపోయినా “ఓకే, ఓకే” అని తలూపడం మనకు అలవాటు. గైడ్ నిజంగానే మీకు అర్థమైందనుకుని ఇంకో మాట మొదలుపెడతాడు. పడవ ఎక్కకముందే మీకు ఏది వచ్చో ఏది రాదో చెప్పేయండి. పది నిమిషాలు ఒడ్డునే నిలబెట్టి చూపించమనండి, ఏ గైడూ చిన్నబుచ్చుకోడు.

నాలుగోది, ఆపకుండా మెండ్ చేస్తూనే ఉండటం. తిట్లు తిన్న టెన్షన్‌లో వచ్చే జబ్బు ఇది. పడవ ప్రవాహంతో పాటే పోతుంటే మంచి మెండ్ ఒకటి చాలు. తర్వాత చెయ్యి కదపకండి.

నన్నడిగితే సగం మెండ్‌లు అసలు అవసరమే లేదు. లైన్ ఇంకా గాల్లో ఉండగానే, విసిరిన చేతిని ఎగువ వైపు చాచేయండి. లైన్ అలాగే ఏటవాలుగా, మెండ్ చేసినట్టుగానే నీటి మీద పడుతుంది. దీన్ని రీచ్ కాస్ట్ అంటారు. నేను ఇది లేకుండా తేలే ఫ్లై వేయను.

ఇప్పుడు నదులు. మాడిసన్ మీద ఎక్కువమంది వెళ్తారు కాబట్టి దానితోనే మొదలు. 1959 ఆగస్టు 17 రాత్రి భూకంపానికి కొండ విరిగిపడి నదికి అడ్డం పడింది. వెనక నిలిచిన నీరే క్వేక్ లేక్. అక్కడి నుంచి ఎన్నిస్ ఊరి దాకా నది బండరాళ్ళ మీద గలగలా పారుతూనే ఉంటుంది, మడుగులు తక్కువ. క్వేక్ లేక్ నుంచి లయన్స్ బ్రిడ్జి దాకా పడవలో ఉండి గాలం వేయకూడదు, దిగి నిలబడాలి. ఏ ఏటి నియమాలు ఆ ఏడు చూసుకోండి.

ఇక్కడ ప్రతి బండా ఒక చేప ఇల్లే. అందరూ బండ వెనకే వేస్తారు. బండకు ముందు కూడా నీరు గుద్దుకుని మెత్తబడే చోటు ఒకటి ఉంటుంది, చేప అక్కడా నిలబడుతుంది. ముందు అక్కడ వేయండి. బండ వెనక నెమ్మది నీటిలో వేసేటప్పుడు మాత్రం నేను పైన చెప్పిందంతా పక్కన పెట్టండి. మధ్యలో ఉన్న వేగపు పాయ రెండు సెకన్లలో ఫ్లైని లాగేస్తుంది, మెండ్ చేసే వ్యవధే ఉండదు. దగ్గరికి నడిచి, రాడ్‌ని ఎత్తి పట్టుకుని, లైన్ ఆ పాయను తాకకుండానే ఫ్లైని అవతల ఉంచాలి. దిగి నిలబడ్డప్పుడు మళ్ళీ విసరడానికి నా అడ్డదారి ఒకటుంది. లైన్‌ని దిగువన నీటి మీద పూర్తిగా చాపుకోనివ్వండి, నీరే దాన్ని బిగించి పెడుతుంది. వెనక్కి ఊపకుండా అక్కడి నుంచే ఎగువకు ఒక్క విసురు. గాలి రోజుల్లో ఇదే నా ప్రాణం.

హోల్టర్ డ్యామ్ కింద, క్రెయిగ్ ఊరి దగ్గర మిస్సోరీ నది దీనికి పూర్తిగా వేరు. అద్దంలా నున్నగా ఉంటుంది, కానీ కింద పాయలు మెలికలు తిరుగుతుంటాయి. పైకొచ్చి మెల్లగా పీల్చుకునే చేప మీద లైన్ ఎత్తి మెండ్ చేశారంటే అది పారిపోతుంది. చేపకు ఎగువన నిలబడి, రీచ్ వేసి, కొనను ఇటూ అటూ ఆడిస్తూ లైన్ వదులుతూ పోవాలి. లైన్ కంటే ముందు ఫ్లై చేపను చేరాలి. ఐడహోలో హెన్రీస్ ఫోర్క్ కూడా ఇంతే, ఇంకా కష్టం. మొదటి ట్రిప్పుకి వద్దు.

చివరగా, గోదావరి కాలవల్లోనో ఊరి చెరువులోనో వానపాము గుచ్చి గాలం వేసిన చెయ్యి మీదైతే ఒక అలవాటు వదులుకోవాలి. అక్కడ చేప ఎరను మింగుతుంది, బెండు మునిగేదాకా ఆగుతాం. ఇక్కడ ఫ్లై దారంతోనూ ఈకలతోనూ కట్టింది. ట్రౌట్ నోట్లో పెట్టుకుని వెంటనే ఉమ్మేస్తుంది. బెండు ఆగినా, వణికినా, కాస్త తడబడ్డా రాడ్ ఎత్తేయండి. రాయి తగిలిందేమో అని ఆలోచించకండి, రాయి అయితే మళ్ళీ వేసుకోవచ్చు.

సాధన. మీకు దగ్గర్లో పారే నీరు ఏదైనా సరే. ఫ్లై హుక్కు వంపును కట్టర్‌తో తెగ్గొట్టి, దానికి రెండు అడుగుల పైన ఎర్ర ఊలు ముక్క కట్టండి. ముప్ఫై అడుగులు, వెనక్కి ఒక్క ఊపుతోనే విసరాలి. పడగానే ఒక మెండ్. ఊలు ముక్క పక్కన ఒక బుడగను ఎంచుకుని పది లెక్కపెట్టండి. పదయ్యేదాకా రెండూ జతగా ఉంటే ఒకటి అయినట్టు. ఇలా వరుసగా ఇరవై రావాలి. పంతొమ్మిదో దాంట్లో ఊలు ముక్క కదిలినా మళ్ళీ ఒకటి నుంచి. అది అయ్యాక అవతలి ఒడ్డుకు వెళ్ళి, ప్రవాహం రెండో వైపు నుంచి వస్తుండగా ఇంకో ఇరవై. వారం పట్టినా పట్టనివ్వండి. ఈ నలభై పూర్తి కాకుండా ఐదో పాఠం తెరవకండి, అందులో చేప తగిలాక లైన్ ఎప్పుడు వదలాలో ఉంటుంది.