చాక్లెట్ ఎత్తుకొచ్చిన పిల్లాడిని మా దుకాణానికి ఎలా తీసుకురావాలి

కాజీపేటలో మాది చిన్న కిరాణా దుకాణం. చాక్లెట్ డబ్బాలు గల్లాపెట్టె పక్కనే, ఐదేళ్ల పిల్లల చెయ్యి సరిగ్గా అందే ఎత్తులో ఉంటాయి. వ్యాపారం మరి, ఏం చేస్తాం. రెండు మూడు నెలలకోసారి ఎవరో ఒక తల్లి పిల్లాడి చెవి పట్టుకుని లాక్కొస్తుంది. "ఆంటీకి సారీ చెప్పు!" పది మంది చూస్తుంటే వాడు తల దించుకుని ఏదో గొణుగుతాడు. ఆ నిమిషంలో వాడికి ఒంటబట్టేది ఒక్కటే, ఈసారి దొరక్కూడదని.

మధ్యాహ్నం రెండింటికి రండి, గిరాకీ ఉండదు. ముందు ఇంట్లోనే మాట్లాడండి. "నువ్వు తీసినవా?" అని మాత్రం అడగొద్దు. జేబులో చాక్లెట్ కాగితం చూసి కూడా అడిగితే, అబద్ధం ఆడమని మీరే దారి చూపినట్టు. "పైసలియ్యకుండ చాక్లెట్ తెచ్చుకున్నవ్. ఆంటీ దాన్ని పైసలు పెట్టి కొనుక్కొచ్చింది. రాత్రి లెక్క చూస్కుంటే తక్కువొస్తది" అని చెప్పండి. ఎవరికి ఏం నష్టమో చెబితే వాళ్లకు ఎక్కుతుంది. "కళ్లు పోతయ్" అంటే భయం ఒక్కటే ఎక్కుతుంది. ఆ రూపాయి వాడి కిడ్డీ బ్యాంకులోంచి తీయించి, వాడి చేత్తోనే ఇప్పించండి. సారీ రాకపోయినా ఫర్వాలేదు, నేనేమీ అనుకోను. ఇంట్లో "దొంగ" అనే మాట సరదాకి కూడా వద్దు.

నేను డీఎడ్ చదివాను. టెట్ కోసం పియాజె పేరు బట్టీ పట్టాను, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన స్విస్ మనస్తత్వవేత్త. టీచరు ఉద్యోగం రాలేదు గానీ, ఆయన 1932లో రాసిన కప్పుల కథలు దుకాణంలో పనికొచ్చాయి. ఒక పిల్లాడు తలుపు తీస్తే వెనకాల ఉన్న పదిహేను కప్పులు పగిలాయి, అవి అక్కడున్నాయని వాడికి తెలియదు. ఇంకొకడు అమ్మ లేనప్పుడు జామ్ దొంగతనంగా తీయబోయి ఒక్క కప్పు పగలగొట్టాడు. ఎవరిది పెద్ద తప్పు అని ఆయన పిల్లల్ని అడిగాడు. చిన్నపిల్లలు ఎక్కువగా పదిహేను కప్పుల వాడిదే అన్నారు. కాస్త పెద్దవాళ్లు ఉద్దేశం చూశారు.

మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు నేను కోడిగుడ్లతో అడిగాను. సాయం చేయబోయి ముప్పై గుడ్ల ట్రే పడేసిన వాడా, ఒక్క గుడ్డు దాచుకోబోయి పగలగొట్టిన వాడా? "ట్రే వాడే" అంది, ఆలోచించకుండా. నవ్వాను గానీ, మనం మాత్రం? ఫోన్ చేయిజారితే వీధంతా వినపడేలా అరుస్తాం. కావాలని చెల్లెల్ని గిల్లితే "పోనీలే" అంటాం. అందుకే ఏది పగిలినా ముందు "ఏం చేద్దామనుకున్నవ్?" అని అడగండి. నష్టం లెక్క తర్వాత చూసుకోవచ్చు.

నా తప్పూ చెప్పాలి. రైల్లో ఐదేళ్లు నిండితే హాఫ్ టికెట్. మా అమ్మాయికి ఐదున్నర ఉన్నప్పుడు సికింద్రాబాద్ పోతూ, టీసీ అడిగితే నాలుగేళ్లని చెప్పమన్నాను. చెప్పింది. దిగాక, "అయితే ఐదో బర్త్‌డే మళ్లా చేస్తవా?" అంది. తిరిగొచ్చేటప్పుడు హాఫ్ టికెట్ తీసుకుని, "పోయేటప్పుడు నేను నీతో అబద్ధం చెప్పించిన" అని దానితో అన్నాను. పిల్లల ముందు అంత చిన్న మాట అనడానికి నాకు రెండు స్టేషన్ల దూరం పట్టింది.

మొన్న దానికి పన్నెండు నిండాయి. కౌంటర్ దగ్గర నాకంటే ముందే "రెండూ ఫుల్" అంది. నిండి నెల కూడా కాలేదు కదా, హాఫ్ అడుగుదామనే అనుకుంటున్నాను అప్పుడు.