అటెండెన్స్ 90 శాతం, నోరు విప్పేది నలుగురు: క్లాసులో పాల్గొనడాన్ని కొలిచి పెంచడం ఎలా?

ఇంజినీరింగ్ కాలేజీలు నడిచే జేఎన్‌టీయూ నిబంధనల్లో 75 శాతం హాజరుంటేనే పరీక్ష. 65 దాటితే ఫీజు కట్టి కండొనేషన్, అంటే తగ్గిన హాజరుకు మినహాయింపు, తెచ్చుకోవచ్చు. కాబట్టి రిజిస్టరు నిండుగా ఉందంటే డిటెయిన్ చేస్తారన్న, అంటే పరీక్ష రాయనివ్వకుండా ఆపేస్తారన్న, భయం పనిచేస్తోందనే అర్థం. పాఠం ఎందరికి పట్టిందో తెలియాలంటే వేరే లెక్క కావాలి.

మీరు అధ్యాపకులైతే సెమిస్టర్ మొదటి రెండు వారాలు బోధనలో ఏదీ మార్చకండి. 60 మంది సెక్షన్‌కు సీటింగ్ ప్లాన్ గీసుకుని, ఎవరైనా తమంతట తాముగా ప్రశ్న అడిగినా, జవాబు చెప్పినా ఆ పేరు పక్కన ఒక గీత పెట్టండి. మీరు లేపి అడిగితే చెప్పినవి కలపొద్దు. అసైన్‌మెంట్లలో గడువుకు ఎన్ని వచ్చాయో, వాటిలో ఒకదాన్నొకటి చూసి దించినవెన్నో విడిగా రాసుకోండి. పాఠాలు, నోట్సు పెట్టే ఆన్‌లైన్ వేదిక మూడిల్‌లో లాగిన్లను నమ్ముకోవద్దు. వాటిలో సగం మిడ్ పరీక్ష ముందు రాత్రి పీడీఎఫ్ కోసం వచ్చినవే కావచ్చు.

నాలుగో వారంలో చీటీలు. క్లాసు ముగిసే 3 నిమిషాల ముందు పావు కాగితం ఇచ్చి రెండే అడగండి: ఈరోజు ఏం అర్థమైంది, ఎక్కడ ఆగిపోయారు? పేరు వద్దు. తెలుగులో రాయొచ్చని నోటితో చెప్పండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు చాలాసార్లు సందేహం లేక కాదు, ఇంగ్లిష్‌లో అడగలేక ఊరుకుంటారు. సెమిస్టర్ చివర లాగిన్‌తో నింపే ఫీడ్‌బ్యాక్ దీనికి సాటి రాదు. ఇంటర్నల్ మార్కులు మీ చేతిలో ఉండగా ఎవరు మాత్రం 'ఎక్సలెంట్' కొట్టరు?

ఒకే రకం సందేహాలున్న చీటీలను ఒక్కో కుప్పగా పెట్టడం పావుగంట పని. మర్నాటి క్లాసులో మొదటి 5 నిమిషాలు పెద్ద కుప్పకే ఇవ్వండి. ఇది ఎగ్గొడితే మూడోసారికి ఖాళీ చీటీలొస్తాయి.

ఇక మార్పు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల్లో ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతికి ఖర్చేమీ లేదు. గంటకు రెండుసార్లు, నాలుగు ఆప్షన్ల ప్రశ్న ఒకటి బోర్డు మీద పెట్టండి. నిమిషం ఆలోచించాక అందరూ ఒకేసారి, పక్కవాళ్లకు కనబడకుండా, గుండెకు ఆనించి వేళ్లతో జవాబు చూపాలి. సరైనవి 30 శాతం లోపుంటే పాఠం మళ్లీ చెప్పండి. 70 దాటితే ముందుకెళ్లండి. మధ్యలో ఉంటే వేరే జవాబు చూపినవారితో 2 నిమిషాలు వాదించుకోమని, మళ్లీ వేళ్లు చూపించమనండి. ఎక్కువమంది ఏది ఎంచుకున్నారో చర్చకు ముందే బయటపెడితే అంతా అటే మొగ్గుతారు. నిర్వచనాలు అడిగితే వాదించుకోవడానికి ఏమీ ఉండదు. తప్పుగా అర్థం చేసుకునే వీలున్న చోటు వెతికి అడగాలి.

పదో వారంలో మళ్లీ రెండు వారాలు గీతలు పెట్టండి. మొత్తం ఎంత పెరిగిందని కాదు, ఒక్క గీతా లేని పేర్లు ఎన్ని తగ్గాయో చూడండి. గీతలు రెట్టింపైనా పాత నలుగురివే కావచ్చు. అప్పటికీ సున్నా దగ్గరున్నవాళ్లను క్లాసులో లేపకండి. వాళ్ల బాగోగులు చూసే మెంటర్‌తో విడిగా మాట్లాడించి, బస్సు టైము, తప్పిన సబ్జెక్టుల బ్యాక్‌లాగ్‌లు, సాయంత్రం ఉద్యోగం వంటివి ముందు కనుక్కోమనండి.