ఇంట్లో బాల వయొలిన్ విద్వాంసులు ఉంటే: విశాఖ తల్లిదండ్రులకు ఒక మార్గదర్శిని

ఏడెనిమిదేళ్ల పిల్ల ఒక్కసారి విన్న సంగతిని, అంటే పాటలోని స్వరాల మలుపును, వయొలిన్ మీద తప్పు లేకుండా పలికించినప్పుడు ఇంటిల్లిపాదికీ సంబరం కలగడం సహజమే. ఆ సంబరంలో వేదికల కోసం పరుగు మొదలుపెట్టే ముందు, ఈ ఊళ్లోనే పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి జీవితాన్ని సంవత్సరాలతో సహా ఒకసారి చూడాలని తల్లిదండ్రులను కోరుతున్నాను. 1893లో బెంగళూరులో పుట్టి, విశాఖపట్నంలో అన్నగారైన వెంకటకృష్ణయ్య దగ్గర వయొలిన్ నేర్చుకున్న ఆయన, 1919లో విజయనగరంలో కొత్తగా ఏర్పడిన సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరాలని వెళితే, ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆదిభట్ల నారాయణదాసు గారు ఆ వాద్యం విని ఆయనను ఆచార్యుడిగానే నియమించారు. అంతటి విద్వాంసుడు తొలి సోలో కచేరీ చేసింది 1938లో, వేలూరులో. మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి గౌరవం అందుకున్నది 1941లో. బాల్యంలో బయటపడిన ప్రతిభకూ, సోలో వేదికకూ నడుమ ఎన్నో ఏళ్ల బోధన, పక్కవాద్యం, సాధన ఉన్నాయి. ఆ నడిమి కాలాన్ని పిల్లలకు దక్కేలా చూడడమే పెద్దల పని అని నా దృఢమైన అభిప్రాయం.

మొదట ప్రతిభను సరిగ్గా గుర్తించాలి. వేగంగా వాయించడం గుర్తు కాదు, ఎందుకంటే వేగం కొంత అలవాటుతో ఎవరికైనా వస్తుంది. తెలియని సంగతిని మీరు కూనిరాగం తీస్తే పిల్లలు తీగ మీద వెతుక్కుని పలికించగలుగుతున్నారా, తమ వేలు రవ్వంత కిందికో మీదికో పడినప్పుడు ఎవరూ చెప్పకుండానే సర్దుకుంటున్నారా, ఒకే స్వరం తోడిలో ఒకలా, మరో రాగంలో మరోలా కదులుతుందని గమనిస్తున్నారా అన్నవి చూడండి. వీణకు ఉన్నట్టు వయొలిన్‌కు మెట్లు ఉండవు కనుక, చెవి చెప్పినట్టే వేలు నడవాలి. ఆ చెవి ఉన్నవారికి తొందర అవసరం లేదు.

వాద్యం కొలత విషయంలో రాజీ పడవద్దు. పెరిగాక పనికొస్తుందని పెద్ద వయొలిన్ కొనడం వల్ల ఎడమ మణికట్టు, మెడ పాడవుతాయి. ఎడమ చేతిని పక్కకు చాపించి, మెడ మొదలు నుంచి అరచేతి మధ్య వరకు కొలిచి, ఆ పొడవు దాటని వయొలిన్ తీసుకోవాలి. సుమారు 23 అంగుళాల పూర్తి వాద్యానికి చేయి అందే వరకు 1/4, 1/2, 3/4 కొలతలు మారుస్తూ పోవడమే మార్గం. ఒక ఇంట్లో వదిలిన వాద్యం మరో ఇంటికి చేరుతూ ఉంటుంది కనుక గురువుగారి దగ్గరే అడిగి చూస్తే ఖర్చు తగ్గుతుంది. మన పద్ధతిలో మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం, మధ్య పంచమంగా తీగలు మేళవిస్తాం. చిన్న వాద్యాన్ని మరీ కింది శ్రుతిలో పెడితే తీగలు వదులై నాదం పలచబడుతుంది కాబట్టి, పిల్లలు హాయిగా పాడగలిగే శ్రుతికి దగ్గరగా ఉంచడం మంచిది.

విశాఖ గాలిలోని తేమ, ఉప్పు వాద్యానికి శత్రువులు. తీగలు త్వరగా తుప్పు పడతాయి, వానాకాలంలో బిరడాలు బిగుసుకుపోతాయి, అతుకులు విడిపోవడమూ ఉంది. వాయించిన వెంటనే తీగల మీది చెమటను, కమానుకు రాసే రోజిన్ పొడిని మెత్తని గుడ్డతో తుడిచి, కమాను వెంట్రుకలను వదులు చేసి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలున్న పెట్టెలో పెట్టడం మొదటి రోజు నుంచే పిల్లల చేతనే చేయించండి. ఎండలో నిలిపిన కారులో వాద్యాన్ని ఎన్నడూ వదలకూడదు.

గురువును ఎంచుకునేటప్పుడు ఆయన ఎన్ని కచేరీలు చేశారన్నదాని కంటే, ఆయన శిష్యులు పదేళ్ల తర్వాత కూడా వాయిస్తున్నారా అన్నది ముఖ్యం. ఒక పాఠానికి వెళ్లి మౌనంగా కూర్చుని చూడండి. శిష్యుల చేత ముందు పాడించి, ఆ తర్వాతే వాయించమనే గురువు దొరికితే వదలవద్దు. తొలి పాఠాలైన సరళీ, జంట వరుసలను, అలంకారాలను మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో వాయించడం ప్రతిభావంతులకు విసుగనిపిస్తుంది. వాటిని దాటవేసి నేరుగా పెద్ద కీర్తనలకు వెళ్లిపోవాలని ఇంట్లోవాళ్లూ ఉబలాటపడతారు. కానీ పొడవైన కమానుతో ఒకే స్వరాన్ని వణుకు లేకుండా నిలపడం, వర్ణం అనే అభ్యాస రచనను రెండు కాలాల్లో లయ చెదరకుండా నడపడం చిన్నతనంలో కుదిరితేనే రేపు మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించడానికి, చేయి సహకరిస్తుంది. బాల్యంలోనే ప్రపంచ ప్రసిద్ధి పొందిన పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ సైతం, చిన్నప్పుడు అప్రయత్నంగా పలికినదాన్ని పెద్దయ్యాక ఆలోచించి మళ్లీ నిర్మించుకోవలసి వచ్చింది. 1952లో భారతదేశానికి వచ్చినప్పుడు ఆయన బి.కె.ఎస్. అయ్యంగార్ గారి దగ్గర యోగాభ్యాసం ఆరంభించడానికి వాయించేటప్పుడు శరీరం పడుతున్న ఇబ్బందే కారణం.

సాధన గంటలు లెక్కపెట్టి గర్వపడవద్దు. ఏడెనిమిదేళ్లవారికి ఉదయం అరగంట, సాయంత్రం అరగంట శ్రద్ధగా చేస్తే చాలు; పదకొండు, పన్నెండేళ్లకు దాన్ని విరామాలతో రెండు గంటల వరకు క్రమంగా పెంచవచ్చు. కింద కూర్చుని వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం కనుక వెన్ను వంగిపోకుండా గమనిస్తూ ఉండాలి. వేళ్లు తిమ్మిరెక్కినా, మెడలో నొప్పి రెండు మూడు రోజులు నిలిచినా సాధన ఆపి వైద్యుడికి చూపించండి. నొప్పిని ఓర్చుకోవడం తపస్సు అని పిల్లలకు నేర్పడం అన్యాయం.

వినికిడి కూడా సాధనే. పిఠాపురం కాలనీలోని కళాభారతి సభామందిరంలో జరిగే కచేరీలకు, త్యాగరాజ ఆరాధనలకు తీసుకువెళ్లి, ముందు వరుసలో కూర్చోబెట్టి, గాయకుడి ఆలాపనను వయొలిన్ ఎలా అందుకుంటోందో గమనించమనండి. తొలి వేదికగా ఆరాధన గోష్ఠి చాలా మంచిది, ఎందుకంటే అందులో పెద్దల నడుమ కూర్చుని వాయించాలే గాని చప్పట్లు ఒక్కరికే రావు. ఆ తర్వాత ఈడువారి గాత్రానికి పక్కవాద్యం, చాలా కాలానికి సోలో. పదిహేనేళ్ల లోపు నెలకు ఒక కచేరీ కంటే ఎక్కువ ఒప్పుకోవద్దని నా సలహా. ప్రతి వాయింపునూ వీడియో తీసి పంచుకునే అలవాటు పిల్లల చెవిని తమ నాదం నుంచి ఎదుటివారి మెప్పు వైపు తిప్పుతుంది.

చదువు మాన్పించవద్దు. పదో తరగతి తర్వాత సీబీఎస్ఈలో కర్ణాటక సంగీతాన్ని ఒక పాఠ్యాంశంగా తీసుకునే వీలుంది, అయితే ఆ పాఠశాల దాన్ని బోధిస్తుందో లేదో ముందే అడగాలి. ఉదయం నుంచి రాత్రి వరకు తరగతులు నడిపే కళాశాలలో చేర్పిస్తే మాత్రం వయొలిన్ మూలన పడుతుంది. 10 నుంచి 14 ఏళ్ల వారికి కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ సీసీఆర్‌టీ ఇచ్చే ప్రతిభా ఉపకారవేతనం ఉంది. ఆ వయసు దాటకముందే దరఖాస్తు చేయాలి. 1963 నుంచి పనిచేస్తున్న విశాఖ ఆకాశవాణి కేంద్రం శ్రోతలకు తెలిసినదే. ఆకాశవాణి ఆడిషన్‌లో నెగ్గినవారికి బి, బి-హై, ఎ, టాప్ గ్రేడ్లు ఉంటాయి, వృత్తిలోకి వచ్చేవారికి అవి చిరకాలం తోడుంటాయి. వచ్చే పారితోషికం ఎంత చిన్నదైనా పిల్లల పేరున బ్యాంకు ఖాతా తెరిచి అందులోనే వేయండి. పూర్తి కొలత వయొలిన్ కొనేనాడు ఆ డబ్బు అక్కరకు వస్తుంది.