75 లీటర్ల రీఫ్ ట్యాంకులో ఏ చేపలు వేయాలి?

రీఫ్ ట్యాంకు అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి. రాళ్లు, ఇసుక పోను 75 లీటర్ల ట్యాంకులో నీళ్లు 60 లీటర్లు మిగిలితే గొప్ప. నాలుగు చిన్న చేపలు చాలు, ఐదోది అత్యాశే. చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చి, ఉప్పునీటి సాంద్రత 1.025, వేడి 25–26 డిగ్రీల దగ్గర నిలిచాకే మొదటిది తేవాలి.

ముందు పిరికిదాన్ని వేయండి: ఫైర్‌ఫిష్. బెదిరితే బయటికి దూకేస్తుంది, పైన సన్న వల తప్పనిసరి. రెండు మూడు వారాలాగి ఎల్లో వాచ్‌మన్ గోబీ. దానికి పిస్టల్ రొయ్యను జతచేస్తే రొయ్య బొరియ తవ్వుతుంది, చేప వాకిట్లో కాపలా కాస్తుంది. అందుకే రాళ్లను ఇసుక మీద కాకుండా అడుగు గాజు మీదే పేర్చాలి. లేదంటే తవ్వకానికి కూలిపోతాయి.

చివర్లో ఆసిలారిస్ క్లౌన్ చేపల జంట. ట్యాంకుల్లో పెంచిన పిల్లలనే, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చూసి తీసుకోండి. పెద్దది ఆడదవుతుంది, చిన్నది మగదిగా ఉండిపోతుంది. సమాన సైజువైతే పెత్తనం కోసం కొట్టుకునే అవకాశం ఎక్కువ.

బ్లూ ట్యాంగ్ జోలికి పోవద్దు, 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మాండరిన్ చేపది వేరే బాధ: దానికి బతికున్న కోపిపాడ్లు (రొయ్యజాతి సూక్ష్మజీవులు) రోజంతా కావాలి, చిన్న ట్యాంకులో అవి అయిపోగానే పొట్ట లోపలికి పోయి చస్తుంది.

కొనేముందు మేత వేయించి చూడండి. తిననిది, ఒగర్చేది, తెల్లచుక్కలున్నది వద్దు. తెచ్చింది నాలుగు వారాలు విడి తొట్టిలో ఉండాలి. తెల్లచుక్కల రోగానికి వేసే రాగి మందు అక్కడే వాడాలి, రీఫ్‌లో పోస్తే రొయ్యలూ పగడాలూ పోతాయి.