నోట్లో తకిట, చేతుల్లో నాలుగుకి మూడు

చిన్నప్పుడు విజయవాడలో నాలుగేళ్లు మృదంగం నేర్చుకుని మానేశాను. ముప్పై ఆరో ఏట డిజిటల్ పియానో కొన్నాక ఆ నాలుగేళ్లే అక్కరకొచ్చాయి.

కుడి చెయ్యి నాలుగు కొట్టే వ్యవధిలో ఎడమ చెయ్యి మూడు కొట్టాలి. రెండూ ఎవరి నడకలో వాళ్లు సమంగా సాగాలి. పాలీరిథమ్ అంటే ఇదే. ఒకటీ రెండూ అని లెక్కపెడుతూ రెండు వారాలు కుస్తీ పట్టాను. ఎడమ చెయ్యి కుంటుతూనే ఉంది. విసుగొచ్చి అంకెలు వదిలేసి జతి అందుకున్నాను, అంటే మృదంగం దెబ్బల్ని నోటితో పలికే తకిట, తకధిమి లాంటి అక్షరాలు.

మీరూ పియానో మూసేసి బల్ల మీద మొదలుపెట్టండి. తకిట నాలుగుసార్లు చెప్పండి, పన్నెండు అక్షరాలు. ప్రతి 'త'కీ కుడి చెయ్యి. ఎడమ చెయ్యి మొదటి తకిటలో 'త' మీద, రెండోదాంట్లో 'కి' మీద, మూడోదాంట్లో 'ట' మీద పడాలి. నాలుగోదాంట్లో ఊరుకోవాలి. అంటే ఎడమ చెయ్యి కూడా తకిటే అంటోంది, కాకపోతే సాగదీసి! ఐదుకి నాలుగూ ఇంతే. తకధిమి ఐదుసార్లు చెబుతూ ఎడమ చేత్తో వరసగా త, క, ధి, మి పట్టుకోండి, ఐదోసారి వదిలేయండి. ఇది తట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆవిడకి కూడా.

నోరు తడబడకుండా వచ్చాక మెట్రోనోమ్ (సమవేగంతో క్లిక్ కొట్టే లయ యంత్రం) పెట్టండి. ముందు అక్షరానికో క్లిక్, నిమిషానికి 120. తర్వాత 40కి దించండి, ఇప్పుడు క్లిక్ కుడి చేతిది. ఆ తర్వాత 30, అది ఎడమ చేతిది. మీ వేగం మారలేదు, వినే వైపు మారిందంతే. అయినా 30 దగ్గర నేను నెల రోజులు ఇరుక్కుపోయాను. ఆ మెట్టు మాత్రం దాటవేయకండి.

జతితో ఒక చిక్కుంది. ప్రతి 'త' మీదా నోరు ఒత్తుతుంది, చెయ్యీ ఒత్తేస్తుంది. అందుకే కొన్నాళ్లకి జతి ఆపి, ఎడమ చేతి స్వరాలు కూనిరాగంగా తీస్తూ వాయించాలి.

మొదటి పాఠానికి అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ ఆల్బమ్ 'గ్లాస్‌వర్క్స్' (1982)లోని 'ఓపెనింగ్' మంచిది. కుడి చేతికి మూడు, ఎడమకి రెండు. తకిట రెండుసార్లు అనుకుంటే ఎడమ చెయ్యి రెండు 'త'ల మీద, కుడి చెయ్యి త, ట, కి మీద పడతాయి. గ్లాస్ 1960ల్లో పారిస్‌లో రవిశంకర్‌తో పనిచేసిన మనిషి, మన లెక్క అక్కడ పనికిరావడంలో వింతేం లేదు.

హంగేరియన్ స్వరకర్త లిగెటి దగ్గర మాత్రం ఈ చిట్కా చాలదు. 1985లో వచ్చిన ఆయన మొదటి ఎత్యూడ్ల (సాధన రచనల) పుస్తకం 'దెజోర్ద్ర్'తో మొదలవుతుంది, గందరగోళం అని అర్థం. కుడి చేతికి తెల్ల మెట్లు, ఎడమకి నల్ల మెట్లు. బార్‌కి (మన ఆవర్తం లాంటిది) ఎనిమిది మాత్రలు, తకిట తకతకిట అని మొదలు. ఒత్తు పడేవి కొన్నే, మిగతావి మెత్తగా పరుగెత్తాలి. నాలుగో బార్‌లో కుడి చేతికి ఒక మాత్ర తగ్గుతుంది. అక్కణ్ణుంచి ఎడమ చెయ్యి వెనకబడుతుంది. కలిపి ఒకే జతిలో చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే కుడి చేత్తో వాయిస్తూ ఎడమ చేతి జతి నోటితో చెబుతాను, మర్నాడు అటుదిటు. సగం కన్నా తక్కువ వేగంలో మొదటి పేజీ వచ్చింది. ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటి బార్‌కే.