పాత కారుకు బ్యాటరీ బిగించే ముందు

నచ్చిన పాత పెట్రోల్ కారును ఇంట్లోనే ఎలక్ట్రిక్‌గా మార్చుకుంటే ఆ ఆనందమే వేరు. అదే బండి పొగ లేకుండా, చప్పుడు లేకుండా కదులుతుంది. అయితే బ్యాటరీ ప్యాక్ మీద చెయ్యి వేసే ముందు ఇవి చూసుకోండి.

• ఉంగరం, గడియారం, గొలుసు తీసేయండి. ఒంటరిగా పని చేయొద్దు.

• 1000 వోల్టులను తట్టుకునే రబ్బరు గ్లోవ్స్ వేసుకోండి. వేసుకునే ప్రతిసారీ మణికట్టు వైపు నుంచి చుట్టుకుంటూ వచ్చి లోపల గాలి బిగించండి. వేళ్లు ఉబ్బుతాయి. చెంప దగ్గర పెట్టుకుంటే సన్నగా గాలి తగిలిందా, ఆ జత పక్కన పడేయండి.

• సర్వీస్ ప్లగ్ (ప్యాక్ నుంచి కరెంటు బయటికి రాకుండా తెంచే ప్లగ్) పీకగానే పని మొదలుపెట్టకండి. ఇన్వర్టర్ (బ్యాటరీ డీసీని మోటారు కోసం ఏసీగా మార్చే పెట్టె) లోపల చార్జ్ దాచుకునే కెపాసిటర్లలో చార్జ్ ఇంకా ఉంటుంది. మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగి, మీటరుతో కొలవండి. ప్లగ్ తీసినా ప్యాక్ లోపలి సెల్స్ మాత్రం లైవ్‌లోనే ఉంటాయి. చాలామంది మర్చిపోయేది ఇదే, నాకు ఎక్కువ భయం కూడా దీని గురించే. 60 వోల్టులు దాటిన డీసీ ప్రాణం తీయగలదు.

• ఉబ్బిన సెల్, దెబ్బతిన్న సెల్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

• ఫ్యూజ్ డీసీకి తగినదే కావాలి. ఫ్యూజ్ తెగిన చోట గాలిలోంచి సాగే నిప్పు లాంటి కరెంటును, అంటే డీసీ ఆర్క్‌ను, ఏసీ ఫ్యూజ్ ఆర్పలేకపోవచ్చు.

• బీఎంఎస్ (సెల్స్‌ను కనిపెట్టుకుని కాపాడే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) లేకుండా ఒక్కసారి కూడా చార్జింగ్ పెట్టొద్దు. సాధారణ లిథియం సెల్స్‌ను 0 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని పాడవుతాయి.

• పని నెలల తరబడి ఆగేలా ఉంటే ప్యాక్‌ను సగం చార్జ్‌లో, చల్లని చోట ఉంచండి.