టీకా పరిశోధన చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: యాంటీబాడీ పెరిగితే జబ్బు తగ్గినట్టేనా?

పోయినసారి ఇచ్చిన లెక్క: టైటర్ (రక్తంలో యాంటీబాడీ, అంటే వైరస్‌ను పట్టుకునేందుకు ఒళ్లు తయారుచేసే ప్రోటీన్, ఎంతుందో చెప్పే కొలత) 1:20 నుంచి 1:160కి వెళ్తే ఎన్ని రెట్లు పెరిగినట్టు? జవాబు: ఎనిమిది రెట్లు. సీరంను (రక్తం గడ్డకట్టాక మిగిలే నీటి భాగాన్ని) ప్రతిసారీ సగం సగం పలచన చేస్తారు కాబట్టి మూడు మెట్లు ఎక్కినట్టు.

ఈ వారం హెర్పిస్. తిరుపతి బైరాగిపట్టెడలో మా పక్కింటి అబ్బాయికి పెదవి అంచున ఏడాదికి నాలుగైదు సార్లు నీటి పొక్కులు వస్తాయి. మొన్న రిపోర్టు పట్టుకుని టెన్షన్‌గా వచ్చాడు. హెర్పిస్ ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ) పాజిటివ్. "యాంటీబాడీలు ఉండాయి కదన్నా, మళ్లీ మళ్లీ ఎందుకొస్తా ఉంది?" అన్నాడు. ఈ పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

హెర్పిస్ వైరస్ ఒకసారి ఒంట్లోకి వస్తే నరాల ముడిలో దాక్కుంటుంది. పెదవి పొక్కులైతే పుర్రె అడుగున ఉండే ట్రైజెమినల్ గాంగ్లియాన్‌లో. రక్తంలో తిరిగే యాంటీబాడీ దాన్ని అక్కడినుంచి తుడిచేయలేదు. నరం వెంట చర్మంలోకి దిగినప్పుడు దాన్ని అణిచేది ఎక్కువగా టీ కణాలే (ఒక రకం తెల్లరక్త కణాలు). ఆ కణాలు బాగా తగ్గిన ఎయిడ్స్ రోగుల్లో ఈ పుండ్లు పెద్దవై, తొందరగా మానవు.

కాబట్టి చికిత్స టీకా (జబ్బు ఇప్పటికే ఉన్నవాళ్లకు వేసే టీకా) పరిశోధన చేతికొస్తే యాంటీబాడీ గ్రాఫ్ దగ్గర ఆగిపోకండి. టీ కణాలను కొలిచారా అని చూడండి. అంతకంటే ముందు, పొక్కులు ఎన్నిసార్లు తిరగబెట్టాయో వెతకండి. రోగికి కావలసింది అదే.

ఇంకో మాట, ఇది చాలామంది పొరపడే చోటు. పొక్కులు మరీ ఎక్కువై విసిగిపోయినప్పుడే మనుషులు ఇలాంటి పరిశోధనల్లో చేరతారు. ఆ తర్వాత ఏ మందూ లేకపోయినా కొంత తగ్గుతుంది. "టీకాకు ముందు, తర్వాత" అని పోల్చితే ఆ తగ్గుదల కూడా టీకా ఖాతాలో పడుతుంది. అందుకే ఎప్పుడూ ప్లాసిబో (టీకా లేని ఉత్తుత్తి సూది) గుంపుతోనే పోల్చాలి.

ఆ అబ్బాయికి ఒక విషయం స్పష్టంగా చెప్పాను: హెర్పిస్ సింప్లెక్స్‌కు ఆమోదం పొందిన టీకా ఇంతవరకు లేదు. ఎసైక్లోవిర్ లాంటి మందులున్నాయి, చర్మ డాక్టర్‌ని కలవమన్నాను.

ఇంటిపని: 1994లో, జననాంగాల హెర్పిస్ తిరగబెడుతున్న 98 మందిపై జీడీ2 (హెర్పిస్ వైరస్ పైపొరలోని ఒక ప్రోటీన్) టీకా ఫలితాలు వచ్చాయి. నెలకు సగటున టీకా గుంపులో 0.42 సార్లు, ప్లాసిబో గుంపులో 0.55 సార్లు తిరగబెట్టింది. రెండింటినీ 12తో గుణించండి. ఏడాదికి ఎన్ని తగ్గాయి? ఆ తేడా కోసం మీరైతే టీకా వేయించుకుంటారా? ఎందుకో రెండు వాక్యాల్లో రాసి ఉంచండి.